గుణుపురంలో తిరగడానికి సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ: ఏపీ నంబరా, ఒడిశా నంబరా?

గుణుపురం మాస్టారు

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. ఇన్నాళ్లూ ఆల్టోతో నెట్టుకొచ్చాం. ఇప్పుడు ఇంట్లో ఐదుగురం. అమ్మకి మోకాళ్ల నొప్పులు, అంత కిందకి వంగి కూర్చోలేకపోతోంది. కాస్త ఎత్తున కూర్చునే బండి కావాలి. కొత్తది కొనే స్తోమతు లేదు. ఏడు లక్షలు దాటలేను.

వాడకం ఇదీ: రోజూ బడికి రానూపోనూ పన్నెండు కిలోమీటర్లు. వారానికోసారి అత్తవారిల్లు పార్వతీపురం. అప్పుడప్పుడు అమ్మని చూపించడానికి వైజాగ్. సెలవుల్లో కోరాపుట్ వైపు.

ఇప్పటికి మూడు బండ్లు కంటికి ఆనాయి:
- విజయనగరంలో 2018 క్రెటా 1.6 డీజిల్, ఏపీ-35. మీటరు 78 వేలు. 7.2 అంటున్నారు, తగ్గుతారట.
- రాయగడలో 2020 బ్రెజా పెట్రోల్, ఓడీ-18. మీటరు 52 వేలు. 6.9.
- బరంపురంలో ఒక డీలరు దగ్గర 2016 డస్టర్ డీజిల్, ఢిల్లీ నంబరు. 3.8 మాత్రమే.

మా బావమరిది క్రెటానే తీసుకోమని గొడవ. ఏపీ నంబరైతే పార్వతీపురం వెళ్లినప్పుడు ఎవరూ ఆపరంటాడు. మీరేమంటారు?

రాయగడ టర్బో

మాస్టారూ, క్రెటా కళ్లు మూసుకుని తీసుకోండి. ఆ 1.6 డీజిల్ 128 పీఎస్, 260 న్యూటన్ మీటర్ల టార్క్. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కుతుంటే ఐదుగురున్నట్టే అనిపించదు. బ్రెజా పెట్రోలుకి టార్క్ 138. ఘాట్‌లో రెండో గేరుకి దిగి అరుస్తూ ఎక్కాలి.

సాలూరు లారీ

కళ్లు మూసుకుని కొనడానికి అదేమైనా లాటరీ టిక్కెట్టా టర్బో? ఇంజను పేరు మంచిదే. ఆ ఒక్క ఇంజనుని ఎవరెలా వాడారన్నది కదా ముఖ్యం.

మాస్టారూ, ముందు రోజు ఫోన్ చేసి "బండి స్టార్ట్ చెయ్యకుండా ఉంచండి" అని చెప్పి పొద్దున్నే వెళ్లండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే వాళ్లు ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజనే నిజం చెబుతుంది. స్టార్ట్ అవడానికి ఎంతసేపు తిప్పాల్సొచ్చింది, పొగ ఏ రంగులో వచ్చింది చూడండి. నీలం రంగు పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. తెల్ల పొగ ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ మీద అనుమానం పెట్టుకోండి. ఆయిల్ మూత తీస్తే లోపల పాలమీగడలాంటి జిగురు ఉందంటే ఇక అక్కడ నిలబడకండి.

క్లచ్ సంగతి ఎత్తు మీద తేలిపోతుంది. నాలుగో గేరులో తొక్కినప్పుడు ఇంజను మోత పెరిగి బండి వేగం పెరగకపోతే ప్లేట్లు అరిగిపోయాయి. దిగుతున్నప్పుడు బ్రేకు వేస్తే స్టీరింగ్ వణికితే డిస్కులు వంకరపోయాయి. ఘాట్‌లో బ్రేకు మీదే కాలు పెట్టుకుని దిగే డ్రైవర్ల బండ్లలో ఇది మామూలే.

గతుకుల రోడ్డు మీద అద్దాలు దించి, పాటలు ఆపి, ఇరవైలో నడపండి. కింద నుంచి "టక్ టక్" వినిపిస్తే లోయర్ ఆర్మ్ బుష్‌లో, లింక్ రాడ్లో అయి ఉంటాయి. అవి పెద్ద ఖర్చు కాదు, బేరానికి పనికొస్తాయి.

జయపురం జీపు

ఒక మాట ముందే అనుకుంటే మంచిది. వీటిని ఎస్‌యూవీ అంటున్నారు గానీ, మీరు చూసిన మూడూ క్రాసోవర్లే. అంటే కారు మాదిరిగానే బాడీ, ఛాసిస్ ఒకటే ముక్క. కాస్త ఎత్తు పెంచారు అంతే. బొలెరో, స్కార్పియో లాగా కింద విడిగా ఫ్రేము ఉండదు. బ్రెజా, క్రెటాలకి ముందు చక్రాలకే పవరు. డస్టర్లో నాలుగు చక్రాలకీ పవరున్న మోడల్ 2014 నుంచి వచ్చింది గానీ, మార్కెట్లో దొరికేవి ఎక్కువగా ముందు చక్రాలవే.

వానాకాలంలో మట్టి దారి ఎక్కుతున్నప్పుడు వెనక ముగ్గురూ సామానూ ఉంటే బరువు వెనక్కి పడి ముందు చక్రాలు తిరుగుతూ ఉండిపోతాయి. కొండ మీది ఊళ్లకి వెళ్లే పని ఉంటే చెప్పండి, అప్పుడు మాట వేరు. తారు రోడ్డు, గతుకులు, ఘాట్ అంటే క్రాసోవర్ చాలు. పైగా అమ్మగారికి బొలెరో కన్నా ఇదే సుఖం.

ఈ ఒకే ముక్క బాడీతో ఇంకో చిక్కుంది. పెద్ద యాక్సిడెంటు అయితే ఎంత లాగి సరిచేసినా చక్రాల లైను మునుపటిలా రాదు. అందుకే ముందు దెబ్బ తిన్న చరిత్ర ఉన్న బండిని ఎంత చవకైనా వదిలేయమంటాను.

పర్లాకిమిడి కాగితాలు

బావమరిదిగారి మాట తప్పు. ఒడిశా నంబరు బండిని ఏపీలో తిప్పితే ఎవరూ ఆపరు. చట్టం అడిగేది బండి ఎక్కడ తిరుగుతోందని కాదు, ఎక్కడ ఉంచుతున్నారని. మోటారు వాహనాల చట్టం 1988లోని 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలు దాటి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. మీరుండేది గుణుపురం కాబట్టి ఏపీ-35ని చివరికి ఓడీ-18 చేయించాల్సిందే.

దానికి వరస ఇదీ. విజయనగరం ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం. బండి మీద లోను ఉండి ఉంటే బ్యాంకు ఇచ్చే ఎన్ఓసీ, ఫారం 35 తో హెచ్‌పీ (ఆర్సీలో ఉండే లోను నమోదు) క్యాన్సిల్. తర్వాత రాయగడ ఆర్టీఓలో ఫారం 27 తో కొత్త నంబరు, ఫారం 29, 30 తో పేరు మార్పు. దీని పైన ఒడిశా రోడ్డు ట్యాక్సు. బండి వయసుని బట్టి లెక్క కడతారు, అయినా చిన్న మొత్తం కాదు. ఏపీలో కట్టిన లైఫ్ ట్యాక్సులో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు గానీ, అది వెంటనే చేతికి రాదు. ఆ డబ్బు ఎవరికి చెందాలో అమ్మేవాళ్లతో ముందే మాట్లాడుకోండి.

అంటే 7.2 క్రెటా మీకు 7.2 కి రాదు. ట్యాక్సు ఎంతవుతుందో రాయగడ ఆఫీసులో అడిగి, ఆ అంకె కలిపి బ్రెజాతో పోల్చండి. అలా పోల్చని వాళ్లనే ఎక్కువగా చూస్తుంటాను.

రాయగడ టర్బో

మా వీధిలో సగం బండ్లు ఏపీ నంబర్లే. ఎవరూ మార్చలేదు, ఎవరూ అడగలేదు.

పర్లాకిమిడి కాగితాలు

అడగనంతవరకూ అడగరు. పేరు మార్చకుండా తిప్పుతున్న బండికి యాక్సిడెంటు అయిన రోజు అడుగుతారు. పాత ఓనరు పేరు మీద ఇన్సూరెన్సు ఉంటే మీ బండి రిపేరుకి క్లెయిము ఇవ్వరు. కోర్టు నోటీసు పాత ఓనరుకి వెళ్తుంది, ఆయన మీ ఇంటికి వస్తాడు.

సునాబెడ కోడలు

మాస్టారూ, అందరూ ఇంజను గురించే చెబుతున్నారు. అమ్మగారిని తీసుకెళ్లి కూర్చోబెట్టి చూశారా? ఎత్తు బండి అన్నంత మాత్రాన ఎక్కడం సులువు కాదు. సీటు నడుము ఎత్తులో ఉంటే తిరిగి కూర్చోవచ్చు. అంతకంటే ఎత్తుంటే కాలు పైకి లేపాలి, మోకాలికి అదింకా కష్టం. మా అత్తగారికి పెద్ద ఎస్‌యూవీ కన్నా క్రాసోవరే నప్పింది. గుమ్మం వెడల్పు, పైన పట్టుకునే హ్యాండిల్, వెనక సీటు తొడల దాకా ఆనుతుందా లేదా, ఇవి షోరూమ్ వాళ్లు చెప్పరు.

వెనక ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే భుజాలు రాసుకోకుండా ఉంటుందా అన్నది కూడా చూసుకోండి.

ఇంకోటి. రోజూ పన్నెండు కిలోమీటర్లకి డీజిల్ ఎందుకు? డీపీఎఫ్ (పొగలో మసి పట్టే ఫిల్టరు) మూసుకుపోతుందని మావారు అంటారు.

సాలూరు లారీ

అమ్మా, మీవారు చెప్పింది 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) డీజిళ్లకి సరిగ్గా వర్తిస్తుంది. వాటి సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టరుంటుంది. ఇంజను బాగా వేడెక్కి హైవే మీద కాసేపు పరిగెడితే తప్ప ఆ మసి కాలదు. ఊళ్లో చిన్న చిన్న తిరుగుళ్లే తిరిగితే లైటు వెలుగుతుంది, ఖర్చు తెస్తుంది. 2018 క్రెటా బీఎస్4. ఆనాటి డీజిళ్లలో చాలావాటికి ఆ ఫిల్టరు లేదు. అయినా చల్లటి ఇంజనుతో రోజూ ఆరు కిలోమీటర్లు నడిపి ఆపేస్తే పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపే ఈజీఆర్‌లో మసి పేరుకుంటుంది. వారానికోసారి పార్వతీపురం పరుగు ఉంది కాబట్టి కొంత నయం.

నెలకి ఎంత తిరుగుతారో లెక్కేసుకోండి. వెయ్యి, పన్నెండొందల లోపయితే డీజిల్లో మిగిలే డబ్బు సర్వీసు బిల్లులోనే పోతుంది. డీజిల్లో ఇంజెక్టరో టర్బోనో పోతే ఒక్క దెబ్బకి ఏడాది ఆదా ఊడుతుంది.

కోరాపుట్ కాఫీ

పెట్రోలుకి కూడా ఒక మెలిక ఉంది. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లకి దానికి తగ్గ రబ్బరు పైపులు, సీళ్లు వేశారు. 2020 బ్రెజా అంతకు ముందుది. భయపడి పారిపోనక్కర్లేదు. మైలేజీ కొంచెం తగ్గుతుంది. కొన్నాక ఫ్యూయల్ పైపులు ఒకసారి చూపించుకోండి, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకండి.

బరంపురం బజారు

డస్టర్ గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను చెబుతాను. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015 లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్), 2018 లో సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చాయి. అప్పట్నుంచి గడువు దగ్గరపడిన డీజిళ్లు ఊళ్ల మీదకి వస్తున్నాయి. చవకకి అదే కారణం. బండి చెడ్డదని కాదు. కానీ ఎన్ఓసీ చేతికి రాకుండా రూపాయి ఇవ్వకూడదు. ఎన్ఓసీ "వస్తుంది" అన్న మాట మీద కొన్న బండి ఇక్కడ నంబరు లేకుండా దుమ్ము పట్టి పడి ఉండటం చూశాను.

ఇంకొకటి: ఆ 1.5 డీజిల్‌కి టైమింగ్ బెల్టు ఉంటుంది. గడువుకి మార్చకపోతే తెగుతుంది, తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజను పోతుంది. బెల్టు మార్చిన బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. పైగా ఆ డస్టర్ మోడల్ 2022 లో ఆగిపోయింది. సర్వీసు దొరుకుతుంది గానీ గుణుపురంలో కాదు.

జయపురం జీపు

బరంపురం, వైజాగ్ బండ్లంటే ఇంకో మాట. సముద్రం పక్కన ఏళ్ల తరబడి నిలబెట్టిన బండికి కింద తుప్పు పడుతుంది. పైన పెయింటు అద్దంలా మెరుస్తుంది. లిఫ్టు మీద ఎక్కించి సైలెన్సర్ జాయింట్లు, సబ్‌ఫ్రేము బోల్టులు చూడకుండా మాట ఇవ్వకండి.

మన వైపు బండ్లకి ఇంకో రకం రోగం. గనులు, ఫ్యాక్టరీల దగ్గర కాంట్రాక్టర్లు సొంత నంబరు ప్లేటుతోనే బండిని నెలవారీగా తిప్పించి, తర్వాత "డాక్టరుగారి బండి" అని అమ్ముతారు. మీటరు తక్కువ ఉంటుంది. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటుంది, వెనక సీటు కుంగి ఉంటుంది. డాక్టరుగారు వెనక సీట్లోనే పడుకుని కేసులు చూశారేమో మరి!

గుణుపురం మాస్టారు

అందరికీ ధన్యవాదాలు. నిన్న విజయనగరం వెళ్లి క్రెటా చూశాను. చూసినవి రాస్తున్నాను, మీరే అర్థం చెప్పండి.

పొగ లేదు, స్టార్టింగ్ బాగుంది. మూడు టైర్ల మీద 2023 తేదీ, ఒక్కదాని మీద 2018. మొదటి ఓనరే అన్నారు, ఆర్సీలో ఓనర్ల సంఖ్య 2 ఉంది. ఇన్సూరెన్సు కాగితంలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చెయ్యని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) దగ్గర సున్నా. కుడివైపు ముందు ఫెండరు బోల్టుల మీద పెయింటు రేగిపోయి ఉంది, ఎడమవైపు బాగానే ఉంది. లోను తీరిపోయిందన్నారు గానీ రవాణా శాఖ పరివాహన్ సైట్లో హెచ్‌పీ ఇంకా చూపిస్తోంది. అద్దం పగిలితే క్లెయిము చేశామన్నారు.

పర్లాకిమిడి కాగితాలు

నో క్లెయిమ్ బోనస్ సున్నా అంటే అంతకు ముందు ఏడాదిలో క్లెయిము జరిగి ఉండాలి. లేదా పేరు మారి కొత్త పాలసీ మొదలై ఉండాలి. ఎందుకంటే ఆ బోనస్ బండిది కాదు, మనిషిది. అమ్మినవాడు తీసుకుని వెళ్లిపోతాడు. ఇక్కడ రెండో ఓనరు కాబట్టి ఆయన ఎప్పుడు కొన్నాడో ఆర్సీలో తేదీ చూడండి. కొని రెండు మూడేళ్లయి కూడా సున్నా ఉంటే క్లెయిము జరిగింది. ఎంతకి జరిగిందో పాలసీ ఉన్నాయన ఇన్సూరెన్సు కంపెనీని అడిగి చెప్పగలడు. అడగనంటే మీకు జవాబు దొరికినట్టే.

సాలూరు లారీ

ఫెండరు బోల్టులు విప్పారంటే ఆ వైపు తగిలింది. చిన్నదీ కావచ్చు. బానెట్ ఎత్తి లోపల హెడ్‌లైట్ల వెనక అడ్డంగా ఉండే పట్టీ చూశారా? దాని వెల్డింగ్ చుక్కలు కంపెనీ వేసినవి వరసగా, గుండ్రంగా ఉంటాయి. గ్యారేజీలో వేసినవి ఎగుడుదిగుడుగా ఉంటాయి. ముందు అద్దం మీద ఉన్న తయారీ తేదీ, పక్క అద్దాల మీది తేదీ కలుస్తున్నాయా? వాళ్లు చెప్పినట్టు అద్దం మాత్రమే అయితే అద్దం తేదీ మారి ఉండాలి, బోల్టులు కదలకూడదు.

టైర్ల మీద నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఆ 2018 టైరు స్టెప్నీ కాకుండా తిరిగేదే అయితే మార్చాల్సిందే, ట్రెడ్ ఎంతున్నా రబ్బరు గట్టిపడిపోతుంది.

రాయగడ టర్బో

78 వేలకి మూడు టైర్లు మార్చడం వింతేం కాదు. కానీ కంపెనీ సర్వీసు సెంటర్లో ఛాసిస్ నంబరు చెప్పి పాత సర్వీసు రీడింగులు అడగండి. 2021 లో తొంభై వేలు రాసి ఉంటే అప్పుడు నవ్వుకోవచ్చు.

బరంపురం బజారు

నంబరు గురించి ఒక జాగ్రత్త. మీ క్రెటా ఏపీ-35 కాబట్టి విజయనగరం బండని తెలుస్తోంది. 2019 నుంచి ఏపీ అంతటికీ ఏపీ-39 సిరీస్ ఇచ్చారు. అలాంటి బండి ఏ జిల్లాదో నంబరు చూసి చెప్పలేం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బండ్లు మునిగాయి. అలాంటివి కడిగి తుడిచి దూరం ఊళ్లలో అమ్ముతారు. ఆర్సీలో రిజిస్టరింగ్ అథారిటీ ఎవరో చూడండి. సీటు బెల్టుని చివరి దాకా లాగితే లోపలి భాగంలో బురద గీత దొరుకుతుంది, అది ఎవరూ కడగరు. స్టెప్నీ కింద గుంటలో, సీటు పట్టాల కింద ఒండ్రు ఉంటుంది. మనకీ వంశధార పొంగుతుంది కదా, మన వైపు బండ్లకీ ఇదే పరీక్ష.

సునాబెడ కోడలు

ఏసీ వేసి కాళ్ల దగ్గర ముక్కు పెట్టండి. బురద వాసన దాచడానికి డ్యాష్‌బోర్డు నిండా సెంటు సీసాలు పెట్టి ఉంటే ఇంకా అనుమానించండి.

గ్రూపు నిర్వాహకుడు

అమ్మేవాళ్ల ఫోన్ నంబర్లు, బండి పూర్తి నంబర్లు ఇక్కడ పెట్టకండి. ఒకటి తీసేశాను.

కోరాపుట్ కాఫీ

బేరం దగ్గర ఒక ఆయుధం ఉంది, ఎవరూ చెప్పలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, 1200 సీసీ లోపు పెట్రోలు గానీ 1500 సీసీ లోపు డీజిల్ గానీ అయితే కొత్త బండి మీద పన్ను 18 శాతానికి దిగింది. నెక్సాన్, వెన్యూ, పంచ్ లాంటివి ఆ లెక్కలోకి వస్తాయి. కొత్త బ్రెజా పెట్రోలు 1.5 కాబట్టి 40 శాతంలో ఉంది, దానికి తగ్గింది కొంచెమే. కొత్త పంచ్, మ్యాగ్నైట్ బేస్ మోడళ్లు ఆరు లక్షల చుట్టుపక్కల నుంచి మొదలవుతున్నాయి. అవి చిన్నవి, ఐదుగురికి ఇరుకు, అది నిజం. అయినా 6.9 చెప్పినాయనకి ఆ రేట్లు వినిపించండి. పాత రేట్ల మీద లెక్కేసి కూర్చున్నవాళ్లు చాలామంది.

లోను తీసుకుంటే సెకండ్ హ్యాండ్‌కి వడ్డీ కొత్తదాని కన్నా ఎక్కువే ఉంటుంది. దాన్నీ కలిపి చూడండి.

గుణుపురం మాస్టారు

క్రెటా ఆయన్ని ఛాసిస్ నంబరు, క్లెయిము వివరాలు అడిగితే "కొంటే కొనండి, లేకపోతే వైజాగ్ పార్టీ ఉంది" అన్నారు. వైజాగ్ పార్టీకే వదిలేశాను. ఇంట్లో బావమరిది అలిగాడు.

రాయగడ బ్రెజా చూశాను. మొదటి ఓనరు, రైల్వే ఉద్యోగి, బదిలీ మీద వెళ్తున్నారు. సర్వీసు బిల్లులన్నీ ఫైల్లో పెట్టారు, రీడింగులు వరసలో ఉన్నాయి. నో క్లెయిమ్ బోనస్ 45 శాతం. వెనక బంపరు రంగు వేశారు, ఆయనే ముందు చెప్పారు. అమ్మ ఎక్కి కూర్చుని "ఇది చాల్లే" అంది. లోపల వెనక ముగ్గురికి కొంచెం ఇరుకే. ఘాట్‌లో నడిపి చూడలేదు, తెరుబలి దాకా వెళ్లొచ్చాం. 6.45 కి ఒప్పుకున్నారు. ఇంకేం చూడాలి?

సాలూరు లారీ

బ్యాటరీ తేదీ, సస్పెన్షన్ చప్పుడు, ఏసీ చల్లదనం. ఘాట్ సంగతి వదిలేయండి. గేరు దింపి నడిపితే పెట్రోలు బండి కూడా ఎక్కుతుంది, కాకపోతే టర్బోకి నచ్చదు.

రాయగడ టర్బో

నచ్చదు. అయినా బాగుంది మాస్టారూ, శుభాకాంక్షలు. 😀

పర్లాకిమిడి కాగితాలు

ఒకే రాష్ట్రం కాబట్టి ఎన్ఓసీ గొడవ లేదు. ఫారం 29, 30 మీద ఆయన సంతకాలు మీ ఎదురుగా చేయించుకోండి. అమ్మినాయన 14 రోజుల్లో, కొన్న మీరు 30 రోజుల్లో ఆర్టీఓకి తెలియజేయాలి. ఆయన బదిలీ మీద వెళ్లిపోతున్నారు కాబట్టి వెళ్లకముందే ఈ పని అవ్వాలి. ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది. ఇన్సూరెన్సు మీ పేరుకి మార్చమని 14 రోజుల లోపు దరఖాస్తు పెట్టండి. 45 శాతం బోనస్ మీకు రాదు, ఆ తేడా ప్రీమియం కట్టమంటారు, ఆశ్చర్యపోకండి. ఆయన ఫాస్టాగ్ మూయించి మీరు కొత్తది తీసుకోండి. ఈ-చలాన్లు ఏమైనా ఉన్నాయేమో డబ్బు ఇచ్చే రోజు పొద్దున్న మళ్లీ చూడండి, ముందు వారం చూశానని ఊరుకోకండి.

జయపురం జీపు

రెండో తాళం అడిగారా?

గుణుపురం మాస్టారు

అడిగాను. అది వాళ్లబ్బాయి దగ్గర భువనేశ్వర్‌లో ఉందట. వచ్చే ఆదివారం తెస్తాడట.

జయపురం జీపు

అయితే డబ్బు కూడా ఆదివారమే ఇవ్వండి.